ఉల్టా అచ్చు

అప్పట్లో మగపిల్లవాడు మొండికేస్తే పట్టుదల అనేవారు, ఆడపిల్ల మొండికేస్తే పొగరు అనేవారు. పేరు మారినంత మాత్రాన సరుకు మారదు గానీ, నాకు ఆ రెండో పేరున్న సరుకు దండిగా ఉందని మా శాలిబండ గల్లీలో అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు. డెబ్బయ్యో దశకం అప్పుడప్పుడే మొదలైంది. రేషను చక్కెర దగ్గర నుంచి రాష్ట్రం ఒకటా రెండా అనేదాకా జనం ప్రతిదాని మీదా తెగ వాదించుకునే రోజులు. నేను బొమ్మల కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. రంగుల బొమ్మలు వేసేవాళ్ళు ఉన్నారు, మట్టి బొమ్మలు చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళందరినీ వదిలేసి నాకు అచ్చుల పిచ్చి పట్టుకుంది. చెక్క మీద ఉలితో బొమ్మ చెక్కాలి, దాని మీద రోలరుతో సిరా పూయాలి, కాగితం పరచి గట్టిగా నొక్కాలి, తర్వాత ఒక మూల పట్టుకుని మెల్లగా ఎత్తాలి. ఆ కాగితం లేచేటప్పుడు చిన్న చప్పుడొస్తుంది. ఆ చప్పుడు కోసం నేను అన్నం మానేయడానికైనా సిద్ధం. (ఒకటి రెండుసార్లు మానేశాను కూడా, అమ్మ పట్టించుకోలేదు.)

మా కాలేజీలో సారు చాలా మంచివారు, కాకపోతే ఆయనకు ఉలి పట్టిన ఆడపిల్లను చూస్తే కంగారు. "చేతులు పాడు చేసుకోకమ్మా, వాటర్ కలర్లు తీసుకో, గులాబీలు నీ చేతికి బాగా వస్తాయి" అనేవారు. నేను జన్మలో గులాబీ వేసి ఎరగను. డిప్లొమా పరీక్షకు బోనాలెత్తుకుని గల్లీ ఎక్కుతున్న ఆడవాళ్ళ బొమ్మ, ఒక నిలువు చెక్కంత పెద్దది, చెక్కాలని నా పట్టు. కాలేజీలో ఉన్న ప్రెస్సు చిన్నది, దాంట్లో నా చెక్క సగం కూడా దూరదు. "అయితే చిన్న బొమ్మ వేసుకో" అన్నారు సారు. ఆయన చెప్పింది న్యాయమే. కానీ నెత్తిన కుండ, కుండ మీద దీపం పెట్టుకుని శాలిబండ ఎగువకు ఎక్కే మనుషుల్ని పోస్టుకార్డంత కాగితంలో ఇరికించడం నా వల్ల కాదని చెప్పి వచ్చేశాను. వచ్చేశాక ప్రెస్సు ఎక్కడ దొరుకుతుందో ఆలోచించాను. నా పద్ధతి ఎప్పుడూ ఇదే, ముందు వచ్చేయడం, ఆనక ఆలోచించడం.

ఈలోగా చేతులు ఊరుకోవు కదా. అమ్మకు పుట్టింటివాళ్ళు పెట్టిన టేకు పీట ఒకటుండేది. పైకి అది మామూలు పీటే. అడుగు భాగం మాత్రం నాది. అక్కడ తురాయి, తోక, గోళ్ళతో సహా ఒక కోడిపుంజును చెక్కుకున్నాను, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం దాన్ని వెల్లకిలా పెట్టి, సిరా పూసి, కాగితం తెచ్చుకోవడానికి గదిలోకి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే మా మేనత్త భర్త, కోర్టులో పనిచేసే మామ, తెల్లటి పైజామాలో భోజనానికి వచ్చాడు. అమ్మ చేతికి దొరికిన పీట దొరికినట్టే వాల్చింది. మామ మనిషి భారీ. తీరుబడిగా కూర్చున్నాడు, పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకున్నాడు, అమ్మ చేతి వంటను మెచ్చుకుని, లేచి, చెయ్యి కడుక్కుని, వీధి వెంట బస్సుకోసం నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కిటికీలోంచి నేను చూశాను. ప్రెస్సు లేదని ఏడుస్తున్న నాకు మామ బరువు బ్రహ్మాండంగా పనికొచ్చింది, కోడి ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా పడ్డాయి. మనిషన్నవాళ్ళెవరైనా కేకేసి ఆయన్ను వెనక్కి పిలుస్తారు. నేను తోక దగ్గర సిరా సరిగ్గా పట్టిందా లేదా అని మెడ చాచి చూస్తూ నిలబడ్డాను. పీట మీద కుడికి చూసే పుంజు మామ మీద ఎడమకు చూస్తోంది. అచ్చు అంటే అంతే మరి, చెక్క మీద ఉన్నదానికి కాగితం మీద పడేది ఉల్టా. దాన్నే మా కాలేజీలో మొదటి పాఠంగా చెబుతారు. నేను కూడా మామను చూసి ఆ పాఠం ఒకసారి నెమరేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మేనత్త పైజామాను చంకన పెట్టుకుని దిగింది. కోర్టులో జడ్జిగారి బంట్రోతు దాకా అందరూ నవ్వారట. అత్తమ్మ మా బాపు కంటే పెద్దది, మా ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. బొమ్మలూ వద్దు గిమ్మలూ వద్దు, అఫ్జల్‌గంజ్‌లో తనకు తెలిసిన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఆరునెలలు నేర్చుకుంటే ఏ ఆఫీసులోనైనా కుర్చీలో కూర్చోవచ్చు, చేతికి అంటే సిరా కూడా గోరంతే అని ఆమె తీర్పు. బాపు కరెంటు ఆఫీసులో గుమాస్తా. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడిందానికి కట్టుబడి ఉంటాడు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు, ఇంటికి తెప్పించే పేపరు కూడా ఉర్దూదే. పైజామాను అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వు వచ్చిందో కోపం వచ్చిందో ఆ ముఖంలో ఏమీ తెలియలేదు.

"ఇంట్ల సిరా బంద్ బిడ్డా. బయట ఏడన్న ప్రెస్సు దొర్కితే నీ ఇష్టమున్నట్టు చేస్కో, నేనేమన. బోనాలు అయ్యేదాక చూస్త. దొర్కకుంటె అత్తమ్మ అన్నట్టు టైపుకు పో" అన్నాడు.

అత్తమ్మ వెంటనే బోనాలు అయిన తర్వాత వచ్చే బుధవారం మంచిదని ముహూర్తం కూడా పెట్టేసింది, దాంతో నా గడువు ఆ బుధవారం దాకా సాగింది. ఆ రోజు నుంచి నేనూ బాపూ మాట్లాడుకోవడం మానేశాం. మానేసింది నేనే లెండి, ఆయనకు ఆ తేడా తెలిసిందో లేదో.

ప్రెస్సు కోసం తిరిగాను. పెళ్ళి కార్డులవాళ్ళు, రసీదు పుస్తకాలవాళ్ళు, సినిమా చీటీలవాళ్ళు, అందరూ నా చెక్కను చూసి తల అడ్డంగా ఊపారు. కార్వాన్‌లో ఒకాయన "అమ్మా, ఇది తలుపా?" అని అడిగాడు. చివరికి మా ఇంటికి నాలుగు గల్లీల అవతలే, రోజూ కాలేజీకి పోతూ దాటే ఒక ఛాపాఖానా, అంటే అచ్చాఫీసు, దొరికింది. ఊళ్ళో అంతా ఆ ముసలాయనను ఛాపా చాచా అనేవారు. ఆయన దగ్గర చిన్న మిషను మీద పని నడుస్తుండేది, వెనక గదిలో మాత్రం పాతకాలపు చేతి ప్రెస్సు ఒకటి పడి ఉంది. నల్లటి ఇనుము, సింహం కాళ్ళు, మనిషి నడుమంత పొడవు పిడి. ఆ పిడి లాగితే పైనున్న ఇనుప పలక కిందికి దిగి నొక్కుతుంది. ఆ పలక కింద నా చెక్క హాయిగా పడుకుంటుంది. ప్రస్తుతానికి అక్కడ చాచా పాన్‌దాన్, టీ గ్లాసు, ఒక పిల్లి పడుకుని ఉన్నాయి. నేను ఆ ప్రెస్సును చూసి నిలబడిపోయాను. పెళ్ళిచూపుల్లో కూడా నేను అలా ఎవరినీ చూడలేదు.

చాచా నన్ను కింది నుంచి పైదాకా చూసి, నా గోళ్ళలో సిరా చూసి, ఒక పని చెప్పాడు. మా గల్లీ మొగలో కటింగ్ షాపు నడిపే భాయ్ ఒక పట్టీ అచ్చు వేయమన్నాడట. షాపులో కుర్చీ ఎక్కినవాడు, బెంచీ మీద కాచుకున్నవాడు రాజకీయాలు మాట్లాడి కొట్టుకుంటున్నారు, సగం గడ్డంతో లేచి వెళ్ళిపోతున్నారు. అందుకని గోడకు పెద్ద ఉర్దూ అక్షరాల్లో "యహా సియాసీ బాతే మనా హై" అని ఉండాలి, ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదని. అఫ్జల్‌గంజ్‌లో బామ్మర్ది షాపుకూ, కార్వాన్‌లో తమ్ముడి షాపుకూ, ఇంకా తెలిసినవాళ్ళందరికీ కావాలి, కాబట్టి అచ్చు వేయాల్సిందే. అంత పెద్ద అక్షరాలు చాచా దగ్గర లేవు, చెక్కే పాత మనిషి పోయాడు. కాతిబ్ సాబ్, అంటే ఉర్దూ అందంగా రాసే ఆయన, పల్చటి కాగితం మీద ఆ వాక్యం రాసిచ్చి ఉన్నాడు. దాన్ని చెక్కకు అంటించి, గీత వెంట చెక్కాలి.

"ఈ ఒక్క కామ్ సాఫ్‌గా చేసి చూపియ్. చేస్తే, ఆ ప్రెస్సు మీద నీ బొమ్మలు ఎన్నైనా గుద్దుకో, నేను అడగ. బిగడ్ అయితే మాత్రం మల్ల నా గడప తొక్కకు" అన్నాడు చాచా. తర్వాత ఏదో వివాహానికి గుల్బర్గా ప్రయాణమవుతూ, మెట్టు దిగబోయి వెనక్కి తిరిగి ఇంకో మాట అన్నాడు. "కాగజ్ ఉల్టా అంటియ్యాలె బేటీ. ఉల్టా. యాద్ రఖ్నా."

ఇక్కడ నా బుర్ర పనిచేసిన విధానం మీకు వివరంగా చెప్పాలి. అచ్చులో ఏదైనా ఉల్టా పడుతుందని నాకు తెలుసు. మామ పైజామా సాక్షిగా తెలుసు. తెలుగు అక్షరమైతే చెక్క మీద ఉల్టా చెక్కాలి, అప్పుడు కాగితం మీద సీదా పడుతుంది. బాగుంది. కానీ ఇది ఉర్దూ. ఉర్దూను కుడి నుంచి ఎడమకు రాస్తారు. అంటే ఏమిటి? అది పుట్టుకతోనే ఉల్టా. పుట్టుకతోనే ఉల్టా అయినదాన్ని నేను మళ్ళీ ఉల్టా చేస్తే, అది తెలుగులాగా ఎడమ నుంచి మొదలై ఎవరికీ అర్థం కాకుండా పోతుంది. చాచా ఉల్టా అన్నది ఈ కాగితం సంగతే, ఇదిగో ఉల్టాగానే రాసి ఉంది కదా, దీన్ని ఉన్నదున్నట్టు అంటిస్తే సరి. ఇంతటి తర్కాన్ని నేను ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా, మెట్లమీద కూర్చుని జామపండు తింటూ తేల్చేశాను. ఇంట్లో ఉర్దూ చదివిన మనిషి రోజూ పేపరు విప్పుకుని నా ఎదురుగానే కూర్చునేవాడు. ఒక్క మాట అడిగితే చెప్పేవాడు. కానీ మేం మాట్లాడుకోవడం లేదు కదా.

కాతిబ్ సాబ్ కాగితాన్ని ముఖం పైకి పెట్టి, మైదా పిండి జిగురుతో, ఒక్క ముడత లేకుండా అంటించాను. చాచా ఇచ్చిన చెక్క రెండువైపులా నునుపుగా ఉంది, ఉలి వెన్నలో దిగినట్టు దిగింది. నుక్తాలు, అంటే అక్షరాల పైనా కిందా ఉండే చుక్కలు, ఒక్కటి ఎగిరిపోయినా మాట మారిపోతుందని విన్నాను, కాబట్టి వాటిని ఊపిరి బిగబట్టి చెక్కాను. ఛాపాఖానా వెనకాలే చాచా ఇల్లు. చాచీ వచ్చి తలుపు తీసి, పిల్లిని దింపి, ఒక మూల కూర్చుని వక్కలు కత్తిరిస్తూ నా పని చూసేది. నేను పిడి పట్టి లాగితే అది కదల్లేదు. చాచీ "పేట్ సే ఖీంచ్" అంది, పొట్టతో లాగమని. పొట్టతో లాగితే కదిలింది. మొదటి కాగితం ఎత్తాను. నల్లగా, నిండుగా, అంచులు కోసినట్టు. చాచీకి చదువు లేదు, కానీ "మాషా అల్లా" అంది. ఇంకేం, ఇచ్చిన కాగితాలన్నీ అయ్యేదాకా లాగాను, తీగల మీద ఆరేశాను. గదినిండా నా అక్షరాలు వేలాడుతుంటే కాసేపు వాటి కింద నిలబడి, సారునూ అత్తమ్మనూ మనసులో పిలిచి చూపించాను.

చాచా ఊరి నుంచి వచ్చేసరికి నేను ముందే వెళ్ళి వాకిట్లో నిలబడ్డాను, మెచ్చుకోలు మొత్తం నేనే వినాలని. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఒక కాగితం ముందు ఆగాడు. తల కుడికి వంచాడు. ఎడమకు వంచాడు. పక్క కాగితం ముందుకు వెళ్ళి మళ్ళీ వంచాడు. నాకు ఆయన మెడ పట్టేసిందేమో అనిపించింది.

"బేటీ," అన్నాడు మెల్లగా, "ఉల్టా అంటియ్యమన్న కదా?"

"ఉర్దూ ఉల్టానే ఉంటది కదా చాచా" అన్నాను.

చాచా టోపీ తీసి ప్రెస్సు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. ఉర్దూ ఉల్టా అని ఆయన డెబ్బై ఏళ్ళ జీవితంలో ఎవరూ అనలేదట. ఆయన లెక్కన తెలుగే ఉల్టా. అరిచినా బాగుండేది, అరవలేదు. కాతిబ్ సాబ్ రాసిన కాగితం చెక్కడంలో ముక్కలై పోయింది, ఆయన రాసిందే మళ్ళీ రాయడు, రాసినా వచ్చే నెల. కటింగ్ భాయ్ మంగళవారం, షాపు సెలవు రోజున, తీసుకుపోవడానికి వస్తాడు. "కామ్ బిగడ్ గయా. జావ్ బేటీ. తఖ్తా కూడ తీస్కపో, ఖరాబైన తఖ్తా నాకెందుకు" అన్నాడు. చెక్కను చంకన పెట్టుకుని, తీగ మీది నుంచి ఒక పాడైన కాగితం లాక్కుని, బయటికి వచ్చాను. ఏడుస్తూ నడిచాను, అబద్ధం ఎందుకు. కాకపోతే శాలిబండ ఎగువ ఎక్కుతూ ఏడవడం కష్టం, ఊపిరి అందదు, ఏడుపుకో ఎక్కడానికో ఒకదానికే సరిపోతుంది. సగం దారిలో ఏడుపు మానేశాను.

ఆ ఆదివారం మా దగ్గర బోనాలు. ఇంటినిండా చుట్టాలు, పసుపు వాసన, వేపాకు, కింద వీధిలో డప్పులు. నేను బొమ్మ వేయాలని కలలు గన్న ఆడవాళ్ళందరూ నిజంగా గల్లీ ఎక్కుతుంటే, నేను డాబా మీద చెక్క ముందేసుకుని, పాడైన కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. దాని వైపు చూస్తూ చూస్తూ ఉంటే ఒక సంగతి వెలిగింది. నేను సీదాగా అంటించి చెక్కితే కాగితం మీద ఉల్టా పడింది. మంచిది. ఆ ఉల్టా కాగితాన్నే మళ్ళీ అలాగే, ముఖం పైకి పెట్టి, చెక్కకు అంటించి చెక్కితే? చెక్క మీద ఉల్టా ఉంటుంది, అంటే కాగితం మీద సీదా పడుతుంది. కాతిబ్ సాబ్ అక్కర్లేదు. నేను చేసిన తప్పే ఇంకోసారి, ఏమీ మార్చకుండా, అదే శ్రద్ధతో చేస్తే చాలు. చెక్కకు రెండోవైపు ఖాళీగానే ఉంది. వంటింట్లోంచి మైదా పిండి తెచ్చాను. (బాపు బంద్ చేసింది సిరాను. ఉలి మాట ఎత్తలేదు. కోర్టు మామ ఉన్న కుటుంబం మాది.)

మధ్యాహ్నం దాటాక బాపు డాబా మీదికి వచ్చాడు, బోనం ఎత్తుకున్నవాళ్ళు మా వాకిట్లోకి వచ్చారని చెప్పడానికి కాబోలు. నా వెనక నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు. ఆయన నీడ చెక్క మీద పడుతుంటే కొంచెం పక్కకు జరిగాడు. సగం చెక్కిన అక్షరాల మీద ఆయన చూపు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు తిరగడం నాకు వెనక్కి చూడకుండానే తెలిసింది.

"గిది ఉల్టా ఉన్నది బిడ్డా" అన్నాడు.

పీట గొడవ తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది. నేను ఉలి ఆపలేదు.

"ఉల్టానే ఉండాలె బాపు" అన్నాను.

ఆయన కిందికి వెళ్ళిపోయాడు. కొంచెంసేపటికి అమ్మ బెల్లమన్నం గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది, బాపు పంపించాడని చెప్పింది. అత్తమ్మ కింద నుంచి బుధవారం బుధవారం అని పిలుస్తూనే ఉంది. డప్పుల చప్పుడు ఉలి దెబ్బకు బాగా తోడొచ్చింది.

మంగళవారం పొద్దున్నే చెక్కను పాత చీరలో చుట్టుకుని ఛాపాఖానాకు వెళ్ళాను. చాచా నన్ను చూసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. గడప తొక్కొద్దన్నాడు కాబట్టి తొక్కలేదు, గడప ముందున్న మెట్టు మీద కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళు చూశారు. మా కాలేజీ అబ్బాయి ఒకడు సైకిలు ఆపి ఏమైందని అడిగితే ప్రెస్సు కోసం అన్నాను, వాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. పిల్లి వచ్చి చీర మూట మీద పడుకుంది. పేపరు వెనకాల చాచా రెండుసార్లు దగ్గాడు, నేను రెండుసార్లూ లేవలేదు. అప్పుడు కటింగ్ భాయ్ వచ్చాడు. నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, చెవిలో అత్తరు దూది, సెలవు రోజు తెల్ల చొక్కా. పట్టీలు తయారా అని అడిగాడు. చాచా పేపరు మడిచి, గొంతు సవరించుకుని, పని పాడైందని చెప్పబోయాడు.

"బిగడ్లేదు చాచా. తఖ్తాకు ఇంకో దిక్కు ఉన్నది, చూడున్రి" అని నేను పిల్లిని తోసి మూట విప్పాను.

జీవితమంతా ఉల్టా అక్షరాలతో బతికిన మనిషి ఆయన. చెక్క మీద చూపు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. లేచి రోలరు తీసి తనే సిరా పూశాడు, కాగితం పరిచాడు. పిడి దగ్గరికి వచ్చేసరికి ఆగి, నా వైపు చూసి తప్పుకున్నాడు. నేను గడప తొక్కాను. పొట్టతో లాగాను. కాగితం మూల పట్టి ఎత్తింది ఆయనే. కటింగ్ భాయ్ దాన్ని గడగడా చదివేశాడు, "యహా సియాసీ బాతే మనా హై", ఒక్కచోట కూడా ఆగలేదు.

ఇది ఎలా చేశావని చాచా అడిగాడు. మొదట చేసిన తప్పే మళ్ళీ చేశానని చెప్పాను. ఆయనకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది, అర్థమయ్యాక నవ్విన నవ్వుకు పిల్లి వీధిలోకి పరుగెత్తింది. ఉల్టా కా ఉల్టా సీదా అని మూడుసార్లు అనుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు ఆయన పెట్టిన పేరు 'ఉల్టీ బేటీ'. ఉర్దూ వ్యాకరణం ప్రకారం అది సరైనదేనట, కానీ మా తెలుగువాళ్ళకు తెలిసిన ఉల్టీ ఒక్కటే, వాంతి. గల్లీలో ఆయన ఆ పేరుతో కేకేసినప్పుడల్లా నలుగురూ నా వైపు జాలిగా చూసేవారు.

అసలు విచిత్రం ఆ తర్వాత జరిగింది. కటింగ్ భాయ్ మూలన పడేసిన పాడైన కాగితాల్లోంచి ఒకటి తీసి, అడ్డంగా చాచి పట్టుకుని, దాన్నీ గడగడా చదివేశాడు. రోజంతా అద్దంలో చూస్తూ పని చేసే మనిషికి సీదా ఏమిటి, ఉల్టా ఏమిటి. ఇది ఎందుకు పారేశారు అన్నాడు. కుర్చీలో కూర్చున్నవాడి ముందు అద్దం ఉంటుంది, వాడి వెనక గోడకు ఈ ఉల్టా కాగితం అంటిస్తే వాడికి అద్దంలో సీదాగా కనబడుతుంది. తల తిప్పితే కత్తి తగులుతుంది కాబట్టి వాడు ఎలాగూ అద్దంలోనే చూడాలి. సీదాది బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు. రెండూ కావాలన్నాడు, అందరికీ రెండేసి చొప్పున. ఆయన వెళ్ళాక చాచా ప్రెస్సు దగ్గరికి నడిచి, పాన్‌దాన్ తీసి కిటికీలో పెట్టాడు. టీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. ఇనుప పలకను భుజం మీది తువ్వాలుతో ఆ చివర నుంచి ఈ చివరకు తుడిచాడు. అంతే, ప్రెస్సు నాదైంది. సంతోషంతో అక్కడే నేల మీద చతికిలబడ్డాను.

బుధవారం పొద్దున అత్తమ్మ గొడుగు పట్టుకుని, నన్ను టైపుకు తీసుకుపోవడానికి వచ్చింది. బాపు పేపరు చదువుతూ, తల ఎత్తకుండా, "ప్రెస్సు దొర్కిందంట కదక్కా. మాటంటే మాటే" అన్నాడు. ప్రెస్సు దొరికిన సంగతి నేను ఆయనకు చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. ఎవరు చెప్పారో అప్పుడు నాకు తట్టలేదు. ఇంకో సంగతి కూడా అప్పుడు తట్టలేదు. అప్పటిదాకా ఇంట్లోనే గడ్డం గీసుకునే మనిషి, ఆ వారం నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే గల్లీ మొగలోని కటింగ్ షాపుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. చెయ్యి వణుకుతోంది, బ్లేడు తెగుతోంది అనేవాడు. నిక్షేపంగా ఉన్న చెయ్యి అది, ఆఫీసులో ముత్యాల్లాంటి అక్షరాలు రాసేది. ఉర్దూ నేర్పమని నేనే ఒకరోజు అడిగాను. అలిఫ్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కసారి కూడా నవ్వకుండా నేర్పాడు.

బోనాల బొమ్మ ఆ ప్రెస్సు మీదే అచ్చయింది. సారు దాని ముందు నిలబడి, నా చేతులు చూసి, గులాబీల ఊసు ఎత్తలేదు. తర్వాత చాలా జరిగాయి, ఉద్యోగం, పెద్ద ఊళ్ళలో ప్రదర్శనలు, అచ్చులు వేసే ఆడమనిషిని చూద్దామని వచ్చి టీ తాగి వెళ్ళినవాళ్ళు, వెళ్ళకుండా నాకు చెక్కడం నేర్పబోయినవాళ్ళు. ప్రతి బొమ్మలో ఏదో ఒక మూల ఉల్టా అక్షరాలు పెట్టడం నాకు అలవాటైంది. వాటి గురించి పండితులు పత్రికల్లో రాశారు, అద్దంలోని ఆత్మ అనీ, స్త్రీ అస్తిత్వపు విలోమ లిపి అనీ. నేను వినయంగా తల ఊపాను. కటింగ్ షాపు అని చెబితే బాగుండదు కదా. చాచా పోయాక వాళ్ళ పిల్లలు పాత ప్రెస్సును ఇనుప సామానువాడికి ఇవ్వబోతుంటే అడ్డం పడి ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా ముందు గదిలో ఉంది, దాని మీద పాన్‌దాన్ పెట్టనివ్వను.

ఒక్కటి మాత్రం చాలా ఏళ్ళదాకా చూడలేదు. నా మొదటి అచ్చు గోడమీద ఎలా ఉందో నాకు తెలియకుండానే ఉండిపోయింది. ఆ రోజుల్లో ఆడపిల్ల కటింగ్ షాపులోకి ఎలా పోతుంది? మొండిదాన్నే గానీ అంత మొండిదాన్ని కాదు. ఏళ్ళు గడిచాయి, బాపు కూడా పోయాడు. ఈ మధ్య ఒకరోజు కటింగ్ భాయ్ కబురు పంపాడు, రోడ్డు వెడల్పు చేస్తున్నారు, షాపు గోడ కొట్టేస్తున్నారు, నీ కాగజ్ వచ్చి తీసుకుపో అని. వెళ్ళాను. భాయ్ బాగా ముసలివాడైపోయాడు, చూపు ఆనడం లేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. కూర్చోగానే అలవాటు కొద్దీ మెడ చుట్టూ తెల్ల గుడ్డ కప్పేశాడు. నేను తీయమనలేదు.

అద్దంలో నా నెరిసిన జుట్టు, దాని వెనక గోడ మీద పొగకు పసుపెక్కిన కాగితం, దాని మీద నా అక్షరాలు. బాపు నేర్పిన ఉర్దూతో ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాను. అద్దంలో అన్నీ సీదాగా ఉన్నాయి. నుక్తా ఒక్కటి కూడా ఎగిరిపోలేదు.

భాయ్ నా వెనక నిలబడి, దువ్వెన చేతిలో తిప్పుతూ చెప్పుకొచ్చాడు. ఆ మంగళవారం ప్రెస్సు దొరికిన సంగతి బాపు చెవిన వేసింది తనేనట. కొత్తగా వచ్చినవాళ్ళు గోడకేసి చూసి, ఏంది భాయ్, ఉల్టా అంటించినవ్ అని నవ్వేవాళ్ళట. ఆదివారమైతే భాయ్ జవాబు చెప్పే అవసరం ఉండేది కాదట.

"మీ బాపు ఈ కుర్సీలనే కూసునెటోడు. సబ్బు నురగ మూతికి ఉండంగనే చెయ్యి లేపెటోడు. 'ఉల్టానే ఉండాలె. నా బిడ్డ చెప్పింది' అనెటోడు. ప్రతి ఇత్వార్, ఒక్కటే మాట."

నాకు కళ్ళు నిండాయి. డాబా మీద ఉలి ఆపకుండా, తల కూడా ఎత్తకుండా ఆ మాట విసిరేసిన పిల్ల గుర్తొచ్చింది. అద్దంలో ఎక్కడైనా కనబడుతుందేమోనని వెతికాను. నా చూపును చూసి భాయ్ కంగారు పడి, ఏమైంది బేటీ, ఏం బాత్ అని అడిగాడు.

"సియాసీ బాత్ కాదు భాయ్" అన్నాను, గుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుని. ఆ ముసలాయన నవ్వుతూ, నెత్తిమీద కొంచెం నీళ్ళు చల్లి, అడగకుండానే నా జుట్టు దువ్వడం మొదలుపెట్టాడు. పాపిట ఎప్పుడూ తీసే వైపు కాకుండా రెండోవైపు తీశాడు. నేను అద్దంలో చూసుకుని, పోనీలెమ్మని, కాగజ్ చుట్టి చంకన పెట్టుకుని అలాగే ఇంటికి వచ్చేశాను.